సాక్ష్యాధారం నుండి నిర్ధారణకు: వెల్లంపల్లి బాప్తిస్మాలు ఒక ఉదాహరణ

1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లి వద్ద ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బాప్టిస్టు సంఘాలలో పుట్టి పెరిగినవారికి ఈ అంకె చిన్ననాటి నుండి కంఠతా వచ్చినదే. సండే స్కూలులో విన్నాము, శతవార్షిక సంచికలలో చదివాము, ప్రసంగాలలో వాడుకున్నాము. ఈ వ్యాసకర్త కూడా పాతికేళ్లుగా ఆ అంకెను వేదిక మీద నుండి చెప్పినవాడే. అయితే దేనికోసం చెప్పాను అని వెనుదిరిగి చూసుకుంటే కొంత సిగ్గుగా ఉంటుంది. ముంచుడు బాప్తిస్మమే అపొస్తలుల పద్ధతి అని నిరూపించడానికి ఒకసారి, మన పితరులు అన్నం కోసం క్రైస్తవులు కాలేదని నిరూపించడానికి మరొకసారి, తెలుగు దేశాన్ని ఒక దొరగారు ఎలా కదిలించారో చూడండి అని చెప్పడానికి ఇంకొకసారి వాడాను.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఇంజనీరింగు చదువుతున్న ఒక యువకుడు ఆరాధన తర్వాత నా వద్దకు వచ్చి, "అయ్యగారూ, మన తాతలు కరువులో గంజి కోసం మతం మారారని కాలేజీలో అంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. నేను వెంటనే నా ఆయుధం తీశాను. "ఒక్కరోజులో 2,222 మంది వచ్చారు బాబూ, గంజి కోసం వచ్చేవాళ్లు అలా వస్తారా?" అన్నాను. అతడు కాసేపు ఆలోచించి, "అంతమంది ఒక్కసారే వచ్చారంటే కరువు వల్లనే అనిపిస్తోంది కదండీ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నేను ఒక నిర్ధారణకు ఆధారంగా చూపిన అంకెనే అతడు దానికి సరిగ్గా వ్యతిరేకమైన నిర్ధారణకు ఆధారంగా చూపాడు. రెండు వైపులా ఒకే విధంగా వాడుకోగలిగిన ఆధారం నిజానికి ఏ వైపూ లేనట్లే అని ఆ రోజు గ్రహించాను. వేదాంత విద్యార్థులు తమ పరిశోధనా వ్యాసాలలో ఇదే చిక్కులో పడుతుంటారు గనుక, ఈ ఒక్క ఉదాహరణను తీసుకొని, ఆధారం నుండి నిర్ధారణకు వెళ్లే దారిని కొంత నిదానంగా పరిశీలించదలచాను.

అంకె ఎక్కడి నుండి వచ్చింది?

ఈ సంఘటనకు మనం ఎక్కువగా ఆధారపడే గ్రంథం "సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్". జాన్ ఎవరెట్ క్లౌ (1836–1910) చెప్పిన స్వీయచరిత్రను ఆయన భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ వ్రాసి, ఆయన మరణానంతరం 1914లో ప్రచురించారు. ఇందులో గమనించవలసినవి మూడు ఉన్నాయి. సంఘటనకు, ముద్రణకు మధ్య 36 సంవత్సరాల దూరం ఉంది. లేఖిని పట్టిన ఎమ్మాగారు 1878లో ఇక్కడ లేరు. గ్రంథం పేరే దాని దృక్పథాన్ని చెబుతోంది. ఎమ్మాగారి సోదరుడు వాల్టర్ రౌషన్‌బుష్ అమెరికాలో సామాజిక సువార్త సిద్ధాంతానికి ప్రసిద్ధుడు. ఇవన్నీ చెప్పినంత మాత్రాన ఆ గ్రంథం అబద్ధమని కాదు. సాక్షి ఎక్కడ నిలబడి చూశాడో తెలిస్తే ఏది స్పష్టంగా చూసి ఉంటాడో, ఏది పక్కకు తప్పి ఉంటుందో ఊహించవచ్చు.

అంకె విషయంలో మాత్రం సాక్ష్యం బలంగానే ఉంది. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం 3,536 అని లెక్క. వచ్చినవారిని ముందుగా విచారించి పేర్లు నమోదు చేసుకున్నట్లు కథనం. అంటే ఇది గుంపును చూసి అంచనా వేసిన అంకె కాదు, పేర్లను లెక్కించిన అంకె. (ఒక హెచ్చరిక: చివర సున్నాలు లేని అంకె కనుక కచ్చితమైనదే అని కొందరు వాదిస్తారు. ఆ లెక్కన పక్కనే ఉన్న 700 అనుమానాస్పదం కావాలి. అంకె రూపాన్ని చూసి దాని నిజాయితీని తేల్చలేము. అది ఎలా లెక్కించారో తెలిస్తేనే తేల్చగలము.)

ఇదే కథనాన్ని జాగ్రత్తగా చదివితే మనం వేదికల మీద చెప్పే ఒక మాట వెంటనే పడిపోతుంది. "క్లౌ దొరగారు ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు" అని నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ రోజు నీటిలో దిగి బాప్తిస్మాలిచ్చినవారు అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు ప్రసంగికులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకొని ఇచ్చారు. ఆ గ్రంథం దాచిపెట్టని విషయాన్ని మనమే మరచిపోయాము. ఆధారంలో ఉన్నదాన్ని చదవకుండా, మనకు ముందే తెలిసిన కథను దానిలోనికి చదవడం అంటే ఇదే. లేఖన వ్యాఖ్యానంలో ఈ దోషాన్ని గురించి మొదటి సంవత్సరంలోనే మనకు చెబుతారు. సంఘ చరిత్ర వ్రాసేటప్పుడు మాత్రం మరచిపోతాము.

ఊరి పేరు విషయంలో కూడా ఒక మాట. ఆంగ్ల గ్రంథాలలో ఈ ఊరి పేరు "వెలుంపిల్లి" అని కనబడుతుంది. ఆ వర్ణక్రమాన్నే నమ్ముకొని పటంలో వెదికేవాడికి ఆ ఊరు దొరకదు. పాతకాలపు మిషనరీ వ్రాతలలోని మన ఊళ్ల పేర్లను, మనుషుల పేర్లను పైకి చదివి, చెవితో గుర్తుపట్టవలసి ఉంటుంది. ఈ పనిలో మనకు అమెరికా పరిశోధకుని కంటే సహజంగానే సదుపాయం ఎక్కువ. దానిని వాడుకోవడం లేదు.

పెంతెకొస్తు వాదన

అపొస్తలుల కార్యములు 2:41లో చెప్పబడిన మూడు వేలమందికి ఒక్క దినమున ముంచి బాప్తిస్మమివ్వడం అసాధ్యం, కనుక చిలకరించి ఉంటారు అని ఒక పాత వాదన ఉంది. దానికి బాప్టిస్టులు వెల్లంపల్లిని జవాబుగా చూపుతారు. లెక్క చూద్దాం. కథనం ప్రకారం ఆ రోజు ఉదయం, మధ్యాహ్నం రెండు విడతలలో కలిపి సుమారు తొమ్మిది గంటలు పట్టింది. తొమ్మిది గంటలంటే 540 నిమిషాలు. ఒకేసారి ఇద్దరు ఇస్తున్నారు కనుక ఒక్కొక్కరి వంతుకు 1,111 మంది. ఒక్కొక్క బాప్తిస్మానికి సుమారు అర నిమిషం. నదిలో నిలబడి బాప్తిస్మాలిచ్చిన అనుభవమున్న ఏ పాస్టరుగారైనా ఇది కష్టమే గాని సాధ్యమే అని చెబుతారు. యెరూషలేములో పన్నెండుగురు అపొస్తలులున్నారు గనుక పని ఇంకా త్వరగా అయి ఉండవచ్చు.

ఈ లెక్క ఏమి నిరూపించింది? "అసాధ్యం" అన్న మాట తప్పు అని నిరూపించింది. అంతే. యెరూషలేములో అలా జరిగింది అని నిరూపించలేదు. ఒకటి జరగగలదు అనడానికీ, జరిగింది అనడానికీ మధ్య ఉన్న దూరాన్ని గుండ్లకమ్మ నీరు నింపలేదు. ఆ దూరం దాటడానికి వేరే ఆధారాలు కావాలి. బాప్తిస్మం అనే గ్రీకు పదానికి ఆ కాలపు వాడుక, యెరూషలేము కోనేళ్లు, యూదుల శుద్ధీకరణ స్నానపు తొట్లు, రోమా 6లో పాతిపెట్టబడుట అనే పోలిక మొదలైనవి. నేను బాప్టిస్టు సేవకుడిని. నా నమ్మిక మారలేదు. ఆ నమ్మికకు వెల్లంపల్లి సాక్షి కాదు, ఎదుటివారి ఒక అభ్యంతరానికి జవాబు మాత్రమే.

పైగా లూకా అక్కడ "ఇంచుమించు" అంటున్నాడు. గ్రీకులో "హోసెయి". మేడగదిలోని నూట ఇరవై మంది విషయంలోనూ (అపొ. కా. 1:15), యేసు వయస్సు విషయంలోనూ (లూకా 3:23) అదే మాట వాడాడు. తన సువార్త ఆరంభంలో అన్ని సంగతులను మొదటినుండి పరిశోధించానని చెప్పుకున్న రచయిత, తనకు కచ్చితంగా తెలియనిచోట ఇంచుమించు అని వ్రాయడానికి వెనుకాడలేదు. పరిశుద్ధాత్మ ప్రేరణకు అది అడ్డు రాలేదు. మన విద్యార్థుల వ్యాసాలలో "నిస్సందేహముగా", "తిరుగులేని విధముగా" అన్న మాటలు కనబడినంత తరచుగా ఇంచుమించు అన్న మాట కనబడదు.

కరువు ప్రశ్న

ఇక ఆ యువకుని ప్రశ్నకు వద్దాం. ఇది కేవలం పాఠశాల చర్చ కాదు. "రైస్ క్రిస్టియన్లు" అన్న నింద మన ముత్తాతల గౌరవానికి సంబంధించినది, ఈనాడు మన పిల్లలు తరగతి గదిలో తలెత్తుకొని కూర్చోవడానికి సంబంధించినది. అందుకే ఇక్కడ ఆవేశం ఎక్కువ, పరిశీలన తక్కువ.

నిందించేవారి పక్షాన ఉన్న ఆధారాలను ముందు నిజాయితీగా చెప్పుకోవాలి. 1876–78 మధ్య మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనులలో భాగంగా బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకం చేపట్టింది. యౌవనంలో అమెరికాలో భూమి కొలతల పని చేసిన అనుభవమున్న క్లౌగారు ఆ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకొని, వేలమందికి కూలి ఇచ్చారు. ప్రసంగికులే మేస్త్రీలుగా ఉన్నారు. పగలు పని చేయించినవారే తీరిక వేళల్లో, ప్రయాసపడి భారము మోయువారిని పిలిచిన ప్రభువు మాటను (మత్తయి 11:28) బోధించారు. కరువు తగ్గుముఖం పట్టిన వెంటనే వేలమంది బాప్తిస్మానికి వచ్చారు. కడప, కర్నూలు ప్రాంతాలలో పనిచేస్తున్న ఇతర మిషన్లలో కూడా కరువు తర్వాత చేరినవారి సంఖ్య బాగా పెరిగింది. కరువుకూ దీనికీ సంబంధమే లేదని ఈ ఆధారాలను చూసిన తర్వాత ఎవరూ అనలేరు. నేను అన్నాను. అది తప్పు.

అయితే ఒకదాని తర్వాత ఒకటి జరిగింది కనుక మొదటిదే రెండవదానికి కారణం అనుకోవడం తర్కంలో చాలా పాత పొరపాటు. కరువే కారణమైతే కరువు లేనప్పుడు ఈ ఉద్యమం ఉండకూడదు. కానీ ఉంది. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మం పొందింది 1866లో. ఒంగోలు సంఘం ఎనిమిది మంది సభ్యులతో స్థాపించబడింది 1867 జనవరి 1న. అప్పటి నుండి కరువు నాటికి, కాలువ లేదు, కూలి లేదు, ఆ ఎనిమిది మంది మూడు వేలు దాటారు. పేరయ్యగారు తోళ్ల వ్యాపారం మీద ఊరూరా తిరిగినవారు. అంతకుముందే యోగమార్గ గురువుల శిష్యరికంలో దేవుని వెదకినవారు. ఆ మాట బంధువుల ఇళ్ల మీదుగా, తోళ్ల బేరాల మీదుగా మాదిగపల్లెలకు ప్రాకింది. కరువు కంటే పదేళ్లు ముందే నిప్పు రాజుకుంది.

రెండవది, వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. ఆకలి మాదిగపల్లెను మాత్రమే బాధించలేదు. మాలపల్లెలోనూ, ఊరిలోని పేద కులాలలోనూ జనం చచ్చిపోయారు. ఒకే ఆకలి అందరినీ కొట్టినప్పుడు ఒక సమాజం మాత్రమే గుంపుగా కదిలిందంటే, కదిలించినదానిలో ఆకలి కాక మరొకటి ఉండి తీరాలి. అది ఏమిటన్నది వేరే ప్రశ్న. బంధుత్వపు దారులు కావచ్చు. మాదిగలు ముందుగా చేరినందున ఇతరులు దూరంగా ఉండిపోవడం కావచ్చు. ఈ రెండవ అవకాశాన్ని నా విద్యార్థులు తరచుగా మరచిపోతారు. తమకు నచ్చిన వివరణ ఒకటి దొరికిందంటే అక్కడే ఆగిపోతారు. అదే ఆధారాలను వివరించగల ఇంకొక కారణం ఉందా అని కనీసం ఒక్కసారైనా ఎదుటివాని పక్షాన నిలబడి వెదకాలి.

మూడవది అందరూ చెప్పే బలమైన ఆధారం. కరువు పనులు నడిచిన కాలంలో, అంటే దాదాపు పదిహేను నెలలపాటు, క్లౌగారు ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. సహాయం ముగింపుకు వచ్చిన తర్వాతే ఇచ్చారు. ఇది నిజమైతే బాప్తిస్మం కూలికి షరతు కాదన్నది స్పష్టం. కానీ ఈ విషయం చెబుతున్న సాక్షి ఎవరు? నిందకు గురైన క్లౌగారే. అందుకని త్రోసివేయనవసరం లేదు, సరిచూడాలి. సరిచూడడానికి మార్గముంది. అమెరికన్ బాప్టిస్టు మిషను వార్షిక నివేదికలు ఏ సంవత్సరానివి ఆ సంవత్సరమే అచ్చయ్యాయి. 1877 లెక్కలను 1878 వేసవికి ముందు పంపినవాడికి, జూలైలో ఏమి జరుగబోతుందో, ఆ తర్వాత ఏ నింద రాబోతుందో తెలియదు. వాదన పుట్టకముందే వ్రాయబడిన కాగితం, వాదన పుట్టిన తర్వాత వ్రాయబడిన పుస్తకం కంటే విలువైన సాక్షి. మన విద్యార్థులు ఇంతవరకు పుస్తకాన్నే ఉదహరిస్తున్నారు. ఒకరి వ్యాసంలో నుండి మరొకరు, వారిలో నుండి ఇంకొకరు. పది వ్యాసాలలో కనబడితే పదిమంది సాక్షులైనట్లు అనిపిస్తుంది. మూలం ఒక్కటే అయినప్పుడు సాక్షి కూడా ఒక్కడే.

మరి ఈ కూలి షరతు కాకపోయినా, రేపటి సహాయం మీద ఆశ ఉండి ఉండవచ్చు కదా? ఉండి ఉండవచ్చు. చచ్చిపోతున్నప్పుడు తమను మనుషులుగా చూసినవారి దేవుని మీద మనసు కలిగి ఉండవచ్చు. ఒకే మనిషిలో రెండూ ఉండి ఉండవచ్చు. జె.డబ్ల్యు. పికెట్ 1933లో ప్రచురించిన "క్రిస్టియన్ మాస్ మూవ్‌మెంట్స్ ఇన్ ఇండియా" అనే గ్రంథం కోసం ఇటువంటి ఉద్యమాలలోని క్రైస్తవులనే, మీరెందుకు చేరారు అని అడిగించి, వారి జవాబులను ఆత్మీయ, లౌకిక, సాంఘిక, జన్మసంబంధ కారణాలుగా వర్గీకరించారు. లౌకిక కారణాలతో చేరామని చెప్పినవారిలో కూడా చాలామంది తర్వాత నిలకడగల విశ్వాసులైనట్లు ఆయన కనుగొన్నారు. ఇది విలువైన ఆధారమే. ఐతే ఇది దశాబ్దాల తర్వాత, ఇతర ప్రాంతాలలో అడిగిన ప్రశ్న. వెల్లంపల్లి రేవులో 1878లో నిలబడినవారిని ఎవరూ ఈ విధంగా అడగలేదు. రొట్టెల నిమిత్తం నన్ను వెదకుచున్నారని జనసమూహంతో చెప్పగలిగింది (యోహాను 6:26) హృదయాలను ఎరిగిన ప్రభువు. సంఘ చరిత్రకారునికి ఆ చూపు లేదు, ఆ నింద వేసేవారికి అసలే లేదు.

కనుక ఆ యువకునికి తర్వాత నేను కాగితం మీద వ్రాసి ఇచ్చిన జవాబు ఇది: "కరువు ఈ ఉద్యమాన్ని పుట్టించలేదు, ఎందుకంటే అది కరువుకు పదేళ్ల ముందే ఉంది. కరువు, కరువులో చేసిన సహాయం దాని వేగాన్ని చాలా పెంచాయి. బాప్తిస్మం కూలికి షరతు కాదని క్లౌగారి సాక్ష్యం. ఆనాటి నివేదికలతో దానిని సరిచూడవలసి ఉంది. 2,222 మందిలో ఒక్కొక్కరి మనసులో ఏముందో మనకున్న ఆధారాలు చెప్పవు." అతడు చదివి, "ప్రసంగంలో చెప్పినంత బలంగా లేదండీ" అన్నాడు. బలంగా లేదు. కానీ తరగతి గదిలో దీనిని ఎవరూ పడగొట్టలేకపోయారని తర్వాత వచ్చి చెప్పాడు.

ఇక్కడ కొందరు సహోదరులు అడుగుతారు. అయితే ఇది దేవుని కార్యం కాదంటారా అని. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్ దంపతులు, వారితో కూడ ఉన్న తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద మోకరించి చేసిన ప్రార్థనకు 1878 జవాబు అని నేను విశ్వసిస్తాను. కాని ఆ విశ్వాసాన్ని నేను బాప్తిస్మపు లెక్కల నుండి తీసిన నిర్ధారణగా వ్రాయను. అలా వ్రాస్తే, లెక్క చిన్నదైన ఊళ్లలో దేవుడు పని చేయలేదని ఒప్పుకోవలసి వస్తుంది. విశ్వాసపు ఒప్పుకోలును ఒప్పుకోలుగానే వ్రాయాలి, ఆధారం నుండి తీసిన నిర్ధారణను నిర్ధారణగానే వ్రాయాలి. ఒక పేరాలో రెండూ ఉండవచ్చు, ఒక వాక్యంలో కలిపివేస్తేనే చిక్కు.

గంట మీది సంవత్సరం

పెద్ద చరిత్రల సంగతి అలా ఉంచి, మన సొంత సంఘాల చరిత్రలు వ్రాసేటప్పుడు ఇవే పొరపాట్లు ఎంత సులభంగా జరుగుతాయో నా అనుభవం ఒకటి చెబుతాను. సేవ ప్రారంభించిన కొత్తలో ఒక పల్లె సంఘంలో ఉన్నప్పుడు, శతవార్షికోత్సవం ఎప్పుడు జరపాలన్న చర్చ వచ్చింది. స్థాపన సంవత్సరం ఎవరికీ తెలియదు. గుడి గంట మీద 1903 అని పోతపోసి ఉంది. నేను పెద్దలను ఒప్పించి, 2003లో ఉత్సవం జరిపించి, సంచికలో చరిత్ర వ్రాసి, గోడకు శిలాఫలకం పెట్టించాను.

రెండేళ్ల తర్వాత ఒక వృద్ధురాలు, "ఆ గంట మనది కాదు నాయనా, పాత మిషను బంగళాలో పడుంటే మా మామగారు బండి మీద తెచ్చారు" అన్నారు. అప్పుడు గాని నాకు తట్టలేదు, గంట మీద ఉండేది గంట వయస్సు అని. తర్వాత ఒక ట్రంకుపెట్టెలో చెదలు తిన్న బాప్తిస్మపు రిజిస్టరు దొరికింది. మొదటి పేజీలో 1911 ఉంది. అయితే సంఘం 1911లో మొదలైందని ఈసారి తొందరపడి ప్రకటించలేదు. అంతకుముందు పుస్తకం ఒకటి ఉండి పోయి ఉండవచ్చు. మొదటి పేజీలను మళ్లీ మళ్లీ చదివితే, మొదటి పదిహేడు పేర్ల పక్కన, మాతృసంఘం నుండి ఆ సంవత్సరమే సభ్యత్వం బదిలీ అయినట్లు సిరాతో వ్రాసి ఉంది. కాబట్టి ప్రత్యేక సంఘంగా ఏర్పడింది 1911 అనవచ్చు. ఆ ఊరిలో మొదటి విశ్వాసి ఎప్పుడు మారుమనస్సు పొందాడో, మాతృసంఘపు రిజిస్టరు దొరికితే గాని తెలియదు.

ఫలకం తీయించడానికి పెద్దలు ఒప్పుకోలేదు. చందాలిచ్చినవారి పేర్లు కూడా దాని మీదనే ఉన్నాయి. చివరకు ఒక సంఘ పెద్ద సలహా మీద, దాని క్రింద చిన్న ఇత్తడి రేకు ఒకటి కొట్టించాము: "పైనున్నది గంట పోతపోసిన సంవత్సరము. సంఘము ఇంచుమించు 1911."